ఖాళీ బకెట్టుతో పిలిచిన రోజు

ఆ రోజు పొద్దున కాలిపా మార్ఫాకి తిండి పెట్టలేదు. పెట్టొద్దని సినిమా వాళ్ళు ముందురోజే చెప్పారు. ఎప్పటిలాగే బార్లీ గంజి ఉడికించి, ఆపిల్ ముక్కలు కలిపి, మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచింది. మూత పెడితే వాసన ఆగుతుందా? మార్ఫా లోపలి గది కమ్మీల దగ్గరకొచ్చి ముక్కు పైకెత్తి నిలబడింది. కాలిపా దాని వంక చూడకుండా రబ్బరు బూట్లు తొడుక్కుని, ఆవరణలోకి వెళ్ళే ఇనుప తలుపు పైకి లాగింది.

మార్ఫా ముసలి ఆడ ఎలుగుబంటి. వయసంతా సర్కస్‌లో గడిచింది. ఆ సర్కస్ మూతపడ్డాక ఈ సరస్సు ఒడ్డు ఊళ్ళోని చిన్న జూకి వచ్చి చేరింది. వచ్చిన కొత్తలో మనిషి అలికిడైతే చాలు, ఆవరణ చివరున్న పెద్ద బండ వెనక్కి పోయి నక్కేది. మాంసం చూపించినా వచ్చేది కాదు. అది లోపలి గదిలోకి రాకపోతే ఆవరణ కడగడానికి ఉండదు, కంచె బాగుచేయడానికి ఉండదు. దాన్ని రప్పించడానికి, దాని ఆలనాపాలనా చూసే కాలిపాకి రెండు చలికాలాలు పట్టాయి. రోజూ బకెట్టు అంచు మీద గరిటెతో టంగుటంగుమని కొట్టడం, గంజి పెట్టడం, తప్పుకోవడం. ఒకనాడు ఆ చప్పుడికి మార్ఫా బండ వెనక నుంచి లేచి, తూలుకుంటూ నడిచి, నేరుగా గదిలోకి వచ్చి తిన్నది. ఆ తర్వాత ఎప్పుడు కొట్టినా వచ్చేది. మంచు కురుస్తున్నా వచ్చేది, నిద్రమత్తులో ఉన్నా వచ్చేది.

కాలిపా నాన్న గుర్రాల కాపరి. పైన కొండల్లో గుర్రాన్ని మేత సంచి చూపించి పిలుస్తారు. సంచిలో బార్లీ లేకపోతే ఇంత ఉప్పు, అదీ లేకపోతే జేబులోని రొట్టె ముక్కైనా వేసి పిలవాల్సిందే. వట్టి సంచి చూపించి గుర్రాన్ని పట్టుకున్నవాడికి 'వట్టిసంచి' అని పేరు పడిపోయేది. ఆ పేరు పడ్డవాడికి పిల్లనివ్వడానికి జంకేవాళ్ళు, పందెంలో వాడి మాట సాక్ష్యానికి తీసుకునేవాళ్ళు కాదు. కాలిపా ఇవన్నీ వింటూ పెరిగిన మనిషి.

సినిమా వాళ్ళు రాజధాని నుంచి వచ్చారు. కొండల్లో దారి తప్పిన చిన్నపిల్ల కథట. ఆ పిల్లకి ఎలుగుబంటి ఎదురుపడి, ఏమీ చేయకుండా చూసి వెళ్ళిపోతుందట. కెమెరాకి ఇనుప వల అడ్డం రాకూడదని కంచెలో ఒక పలక విప్పి, దాని చోట దళసరి ప్లాస్టిక్ అద్దం బిగించారు. బిగించింది జూలో ఇనుప పనులు చేసే సాపార్.

"పగటి పూటకి పరవాలేదు, చుట్టూ మనుషులుంటారు," అన్నాడు సాపార్ మరలు తిప్పుతూ. "రాత్రికి మాత్రం ఇది ఆగదు. మార్ఫా ఒక్కసారి భుజం ఆనించిందంటే ఊడొస్తుంది. చీకటి పడేలోగా దాన్ని లోపలికి పంపాలి, నేను పలక బిగించాలి. ముందే చెబుతున్నా."

"కాలిపా ఎజే పిలిస్తే క్షణంలో వెళ్ళిపోతుందటగా," అంది అయ్‌పేరి. దర్శకుడి కింద పనులన్నీ చూసుకునే పిల్ల తనే. చేతిలో వైర్‌లెస్, మెడలో రెండు మఫ్లర్లు. వచ్చిన దగ్గర్నుంచి "ఎజే, టీ తాగారా, ఎజే, చలేస్తోందా" అని, ఎజే అంటే అక్క కాబట్టి, నిజంగా సొంత అక్కని అడిగినట్టే అడుగుతోంది. కాన్వాసు కుర్చీ ఒకటి తెచ్చి కెమెరా పక్కన వేసింది. "ఇది మీకే. మీరు లేకపోతే మాకు ఈ రోజు పనే లేదు."

కాలిపా కుర్చీ అంచు మీద, కింద కోడిపిల్ల ఉందేమో అన్నట్టు కూర్చుంది.

"ఏం కాలిపా, హీరోయిన్‌వి అయిపోయావు," అన్నాడు సాపార్. "రేపట్నుంచి పేడ ఎవరెత్తుతారు?"

"నువ్వెత్తు. ఆ పొట్టైనా తగ్గుతుంది."

అందరూ నవ్వారు. సాపార్ కూడా నవ్వుకుంటూ తన ఇనుప పనికి వెళ్ళిపోయాడు. తన మాటకి అంతమంది నవ్వడం కాలిపాకి కొత్త. బజారులో బస్సెక్కితే ఆమె బట్టల వాసనకి పక్కవాళ్ళు కిటికీ తీసేవాళ్ళు. అలాంటి మనిషి చుట్టూ ఇవాళ ఇంతమంది, ఆమె నోటివంక చూస్తూ.

దర్శకుడు నెరిసిన జుట్టు మనిషి. మెల్లగా మాట్లాడతాడు. "అమ్మా, అది నడిచొచ్చి ఇక్కడ ఆగాలి. తలెత్తి చూడాలి. గంజి పెడితే మూతి బకెట్టులో పెట్టేస్తుంది, నాకు వీపు తప్ప ఏమీ దొరకదు. ఊరికే బకెట్టు కొడితే రాదా?"

"వస్తుంది," అంది కాలిపా. అన్నప్పుడు గొంతులో గర్వం కూడా పలికింది.

"అయితే ఖాళీది కొట్టండి. కడుపు నిండితే మళ్ళీ రాదు కదా, చివర్లో పెడదాం."

ఆమె తల ఊపింది. ఖాళీ బకెట్టు తెచ్చి, ఒడిలో పెట్టుకుని, గరిటెతో కొట్టింది. ఆ చప్పుడు ఎప్పటిలా లేదు. గంజి ఉన్న బకెట్టు బరువుగా పలుకుతుంది, ఇది బోలుగా మోగింది.

అయినా మార్ఫా వచ్చింది. బండ దాటి, ఎండుటాకుల్లో కాళ్ళీడ్చుకుంటూ, అద్దం దాకా వచ్చింది. కింద వెతికింది. ఈ మూల వాసన చూసింది, ఆ మూల వాసన చూసింది. ఏమీ లేదు. అప్పుడు తలెత్తి, అద్దంలోంచి తిన్నగా కాలిపా మొహంలోకి చూసింది.

"అదీ," అన్నాడు దర్శకుడు గుసగుసగా. "ఆ చూపే నాక్కావాలి."

అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. అయ్‌పేరి కాలిపా భుజం నొక్కింది. కాలిపాకి సంతోషమేసింది. ఆ సంతోషం కిందే ఏదో చల్లగా, తడి గుడ్డ మీద కూర్చున్నట్టు అనిపించింది.

మబ్బు పట్టిందని మళ్ళీ చేయాలన్నారు. మళ్ళీ కొట్టింది. మార్ఫా మళ్ళీ వచ్చింది, వెతికింది, చూసింది. ఈసారి వెనకాల ఎవరో దగ్గారు. ఇంకోసారి. తర్వాత కెమెరా జరిపారు. ఇంకోసారి. 'ఇదే ఆఖరు, తర్వాత రెండింతలు పెడతాను' అనుకుంటూ ప్రతిసారీ కొట్టింది. ఒకసారి ఉండబట్టలేక ఆప్రాను జేబులోని ఆపిల్ మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడే వద్దు ఎజే," అంది అయ్‌పేరి బతిమాలుతున్నట్టు. "నమిలితే మూతి కదులుతుంది. ఇంకొక్కసారి, మీ పుణ్యముంటుంది."

కాలిపా జేబులోంచి చెయ్యి ఖాళీగా తీసింది.

వద్దంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కొంచెం మొహాలు మాడ్చుకునేవాళ్ళు. ఆ కుర్చీలో ఇంకాస్త సేపు కూర్చోవాలనిపించింది, అంతే.

చివరిసారి కొట్టినప్పుడు మార్ఫా సగం దూరం వచ్చి ఆగింది. చెవులు మాత్రం ఇటు తిరిగాయి. కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, బండ చాటుకి వెళ్ళిపోయింది.

"తిరిగి వెళ్ళడం కూడా బ్రహ్మాండంగా చేసింది," అన్నాడు దర్శకుడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సామాన్లు సర్దడం మొదలైంది. కాలిపా పరుగులాంటి నడకతో వెళ్ళి గంజి బకెట్టు తెచ్చింది. ఆపిల్స్ అన్నీ తరిగి వేసింది. ఇంటినుంచి తన మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టె కూడా తుంచి వేసింది. లోపలి గదిలో పెట్టి, గరిటెతో కొట్టింది.

బండ వెనక కదలిక లేదు.

మళ్ళీ కొట్టింది. "మార్ఫా, రా తల్లీ. ఈసారి ఉంది. నిజంగా ఉంది." మార్ఫా వీపు మాత్రం కనిపిస్తోంది. గాలికి బొచ్చు కదులుతోంది, అది కదలడం లేదు.

సాపార్ పలక భుజాన వేసుకుని వచ్చాడు. "ఏంటి, స్టార్ అయ్యాక బెట్టు మొదలైందా?" అని, కాలిపా మొహం చూసి నవ్వు ఆపేశాడు. కాసేపు చూసి డాక్టరుకి కబురు పంపాడు.

ఎసెన్ డాక్టరు జూకి ఎంత పాతవాడో ఆయన కోటు అంత పాతది. వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాడు. "ఈ రోజుల్లో ఎలుగు రాళ్ళు పెట్టినా తినాలి. శీతాకాలం నిద్రకి ఒళ్ళు నింపుకునే కాలం ఇది. ఇప్పుడు తిండికి రాలేదంటే కడుపులో ఏదో తేడా చేసింది. పొద్దున తిన్నదా?"

అయ్‌పేరి కాలిపా వంక చూసింది. కాలిపా నేలవంక చూసింది.

"తిన్నది," అంది కాలిపా.

"పగలంతా ఎలా ఉంది?"

"బాగానే నటించింది డాక్టరుగారూ, చెప్పినట్టల్లా వచ్చింది," అంది అయ్‌పేరి ఉత్సాహంగా.

"మరి పొద్దున తిని, పగలంతా తిరిగి, సాయంత్రానికి పడిపోయిందంటే పేగు మెలిపడి ఉంటుంది. ఆలస్యం చేయకూడదు. మత్తు సూది వేసి లోపలికి మోయించుకుని చూద్దాం. ఎలాగూ కంచె కూడా మూయాలిగా."

"దాని గుండె తట్టుకుంటుందా?" అన్నాడు సాపార్.

"చెప్పలేను. పోయిన ఏడాది ముసలి దుప్పి తట్టుకోలేదు. అయినా ఊరికే వదిలేస్తే మాత్రం బతుకుతుందా?" డాక్టరు మందుల గది వైపు నడిచాడు.

కాలిపా అక్కడే నిలబడింది. ఇప్పుడు నిజం చెబితే, ఇందాక అబద్ధం చెప్పానని కూడా చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయ్‌పేరికి తెలిసినా అర్థం కాదు, ఇంకాసేపట్లో వ్యానెక్కి వెళ్ళిపోతుంది. మార్ఫా లేవకపోతే ముసలిది కదా అంటారు. పాపం కాలిపా ఎంత ప్రేమగా చూసుకుందో అని తననే ఓదారుస్తారు. ఆ ఓదార్పు తలుచుకోగానే ఆమె డాక్టరు వెళ్ళిన వైపు నడిచింది.

మందుల గదిలో డాక్టరు సూదిని వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు.

"డాక్టరుగారూ, దానికి జబ్బు లేదు."

"నీకెలా తెలుసు?"

"పొద్దున తినలేదు. నేను పెట్టలేదు. పగలంతా ఖాళీ బకెట్టుతో పిలిచాను."

డాక్టరు తల తిప్పలేదు. "ఒక్కసారా?"

"చాలాసార్లు. వచ్చింది, వెతుక్కుంది, వెళ్ళిపోయింది. చివర్న రావడం మానేసింది. అది అలిగింది, అంతే. సూది వెయ్యకండి."

"వాళ్ళు బలవంతపెట్టారా?"

పెట్టారని అనడం ఎంత సులువు. "అడిగారు. నేనే చేశాను. తప్పని తెలిసే చేశాను."

"ఇందాక తిన్నదని ఎందుకు చెప్పావు?"

డాక్టరు సూదిలోని మందు మెల్లగా సీసాలోకి వదిలేశాడు. "నువ్వు ఇంకాసేపు నోరు విప్పకపోతే నేను దాన్ని చంపి ఉండేవాణ్ణి," అన్నాడు. సీసాకి మూత బిగించి అలమారాలో పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది.

బయటికొచ్చి ఆయన సినిమా వ్యానుని అద్దానికి ఆనించి పెట్టించాడు. మార్ఫా గదిలోకి వెళ్ళేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదన్నాడు. అయ్‌పేరి మొహం చిన్నబోయింది. "ఎజే, ఒక్క మాట చెప్పి ఉంటే మేం ఆపేసేవాళ్ళం కదా," అంది మెల్లగా. అది నిజమే కాబట్టి కాలిపాకి మరీ కష్టమేసింది.

లోపలి గదిలో గంజి చల్లబడుతోంది. కాలిపా తలుపు పక్కన, మార్ఫాకి కనిపించేలా కూర్చుంది. గరిటె ముట్టుకోలేదు. వెలుతురు తగ్గుతోంది. మార్ఫా ఒకసారి లేచింది, రెండడుగులు వేసింది, కాలిపాని చూసి ఆగింది. మళ్ళీ కూర్చుంది.

డాక్టరు వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. "నువ్వు పక్కకి వెళ్ళాలి కాలిపా."

"నేనుంటేనే వస్తుంది. నన్ను తప్ప ఎవర్నీ..."

"చూశావుగా. నిన్ను చూసే ఆగింది."

ఆమె లేచింది. గడ్డి కొట్టం వెనక్కి వెళ్ళి, గోడకి ఆనుకుని నిలబడింది. అక్కడికి ఆవరణ కనిపించదు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఎండుటాకుల చప్పుడు. ఆగింది. మళ్ళీ చప్పుడు. తర్వాత ఇనుప తలుపు మెల్లగా దిగిన మోత, గడియ పడిన మోత.

సాపార్ కొట్టం మలుపు దగ్గరికి వచ్చాడు. "వెళ్ళింది. బకెట్టు బోర్లించి మరీ నాకుతోంది. వచ్చి చూడు."

"వద్దు. నువ్వు పలక బిగించుకో."

"అవి మూగజీవాలు కాలిపా, రేపటికి మరిచిపోతాయి."

"గుర్రాలు మరిచిపోవని మా నాన్న అనేవాడు."

సాపార్ పలక బిగించడానికి వెళ్ళిపోయాడు. సినిమా వాళ్ళ వ్యాను కదిలింది. అయ్‌పేరి కిటికీలోంచి చెయ్యి ఊపింది, కాలిపా కూడా ఊపింది.

డాక్టరు వెళ్ళబోతూ చెప్పాడు. "రేపట్నుంచి కొన్నాళ్ళు దానికి సాపార్ పెడతాడు. నువ్వు తోడేళ్ళ వైపు చూసుకో."

"ఎన్నాళ్ళు?"

"అది మార్ఫా చెప్పాలి. నేను కాదు."

మర్నాడు పొద్దున కాలిపా అందరికంటే ముందు వచ్చింది. గంజి ఉడికించింది, ఆపిల్స్ తరిగింది. సాపార్ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి బకెట్టు నిండుగా ఉంది.

"గరిటె కొట్టాలా?" అన్నాడతను.

"ముందే కొట్టకు. ముందు పెట్టు. అది తినడం మొదలుపెట్టాక, అప్పుడు మెల్లగా కొట్టు. చప్పుడూ తిండీ రెండూ ఒకచోటే ఉన్నాయని దానికి మళ్ళీ తెలియాలి. ఏ రోజూ ఖాళీగా కొట్టకు. ఎవరు అడిగినా సరే."

"నువ్వే పంపావని చెప్పనా దానికి?" సాపార్ ఆమెని కాస్త నవ్వించాలని చూశాడు.

"వద్దు," అంది కాలిపా. బకెట్టు అతని చేతికిచ్చి, చీపురు తీసుకుని తోడేళ్ళ వైపు నడిచింది.