సమాధి పగులులో గూడు

“ఆ ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించావా? కారిందంటే నా లెన్సులు పాడైపోతాయి” అన్నాడు భర్త, ఆమె వీపున ఉన్న సంచి వైపు చూడనైనా చూడకుండా. బిగించింది. ముప్పై ఏళ్లుగా బిగిస్తూనే ఉంది. ఊరు కాని ఊరు వచ్చినా ఆ పని వెంటే వచ్చింది. తెల్లవారకముందే లేచి, హోటల్ గదిలో టీ కాచి, ఆయన బూట్ల బురద తుడిచి, కెమెరా స్టాండు భుజాన వేసుకుని ఈ పాత శ్మశానంలోకి ఆయన వెనకాలే నడిచింది. దీన్ని విహారయాత్ర అంటారట! విహారం ఆయనది, మోత ఈమెది.

ఇక్కడ ఎర్రగొంతు పిట్ట తిరుగుతోందని ఎవరో చెప్పారు. ఆయన ఆల్బంలో అదొక్కటే తక్కువ. ఆమె కళ్లు చురుకు. స్టాండు దించీ దించకముందే, పగిలిన ఒక సమాధి రాతి సందులో గూడు కనబడింది. మట్టిరంగు పిట్ట ఒకటి అందులో గుడ్లు పొదుగుతోంది.

“ఏమండీ, అదుగో” అంది గొంతు తగ్గించి.

“ఆడదా? వదిలెయ్. రంగూ లేదు, రూపూ లేదు. నాకు మగది కావాలి.”

ఆల్బంలో నాలుగు వందల పిట్టలున్నాయి. ఒక్క ఆడపిట్ట లేదు. సగం ఈమె చూపించినవే! అయినా క్లబ్బులో మాట్లాడినప్పుడల్లా “మా ఆవిడకి కాకికీ కోయిలకీ తేడా తెలీదు” అని అందర్నీ నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

ఆయన జేబులోంచి చిన్న స్పీకరు తీసి మగపిట్ట కూత పెట్టాడు. ఇంకో మగది వచ్చిందనుకుని అసలుది పౌరుషంగా బయటికొస్తుందట. మగది రాలేదు. గూట్లో పిట్ట బెదిరిపోయి తుర్రున లేచిపోయింది. మూడు గుడ్ల మీద ఎండ సూటిగా పడింది.

“ఆపండి. గుడ్లు మాడిపోతాయి.”

“ఎక్కడికి పోతుంది? అదే వస్తుందిలే.”

ఈ మాట ఆమెకు కొత్త కాదు. ఉద్యోగం మానేస్తున్నానని తన బదులు ఆయనే స్కూలుకి ఉత్తరం రాసి పంపిన రోజు, కట్టుబట్టలతో గడప దాటింది. చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆయన వాళ్లమ్మతో అంటున్నది వినబడింది. “ఎక్కడికి పోతుందమ్మా? అదే వస్తుందిలే.” చంటిదాని పాలవేళకి నిజంగానే తిరిగొచ్చింది. “చెప్పలేదూ మావాడు?” అని అత్తగారు విరగబడి నవ్వింది.

ఆమె ఆయన చేతిలోంచి స్పీకరు లాక్కుని దాని నోరు మూయించింది.

“ఏంటిది! నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?”

“ఇక్కడున్న వాళ్లెవరూ లేచి చూడరు లెండి.”

పావుగంట గడిచింది. ఆమె కదల్లేదు, ఆయన్ని కదలనివ్వలేదు. పిట్ట రాతి మీద వాలి, అటూ ఇటూ చూసి, గూట్లో సర్దుకుని కూర్చుంది.

“చూశావా? చెప్పలేదూ?” అని నవ్వాడాయన. అచ్చం వాళ్లమ్మ నవ్వే.

ఆమె సంచిని ఆయన కాళ్ల దగ్గర దించింది. అందులోంచి తన పర్సు, తన టికెట్టు తీసుకుని జిప్పు వేసింది.

“దానికి గుడ్లున్నాయి, వచ్చింది. నా పిల్లలకి రెక్కలొచ్చి ఆరేళ్లయింది.”