ముదురు రంగు గలీబులు

బట్టలు కుట్టే మిషనమ్మ ఇంట్లో తెల్ల దిండన్నది ఎవరూ చూసి ఎరుగరు. నల్లవి, కాఫీ రంగువి, వంగపండు రంగువి, ఏవైనా సరే, మరక పడితే కనపడకూడదు. పెద్దగా చదువుకోకపోయినా ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరి జాకెట్టు చంక బిగుతైందో ఇవాళ్టికీ చెప్పగల మనిషి ఆవిడ. ఆ ముదురు రంగు దిండు గలీబులు మాత్రం ఆవిడ కనిపెట్టినవి కావు. వాళ్ళమ్మ కుట్టగా చూసి నేర్చుకుంది. వాళ్ళమ్మ వాళ్ళమ్మను చూసి నేర్చుకుంది.

ఆ ఇంటి మనుషులకి ముక్కులోంచి రక్తం కారడం జలుబు చేసినంత మామూలు. "వేడి చేసిందిలే" అనుకోవడం, నాలుగు చెంబుల చన్నీళ్ళు నెత్తిన కుమ్మరించుకోవడం, దిండు అటు తిప్పేసి పడుకోవడం. పెదాల మీద ఆవగింజంత ఎర్రచుక్కలుండేవి. మిషనమ్మ పడుచుగా ఉన్నప్పుడు "రంగేసుకొచ్చావేమే" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, ఆవిడకి కాస్త గర్వంగా కూడా ఉండేది.

నాలుగు నెలల కిందట ఆవిడ కూతురి పెద్దపిల్ల, తొమ్మిదేళ్ళది, బడిలో పదమూడో ఎక్కం ఒప్పజెబుతూ "టీచర్, తల పగిలిపోతోంది" అని అక్కడికక్కడే కూలబడిపోయింది. మూడో రోజుకి లేకుండా పోయింది. ఇంట్లో దాన్ని వసపిట్ట అనేవాళ్ళు, నోరు మూతపడేది కాదని. తలలో రక్తనాళాల ముడి ఒకటి చిట్లిందన్నారు. పుట్టుకతో వచ్చిందన్నారు. మిగిలినవాళ్ళకీ రక్తపరీక్షలు చేశారు. రెండో మనవరాలికి, ఆరేళ్ళ బొద్దుదానికి, తలకీ గుండెకీ ఫొటోలు కూడా తీశారు.

ఆ ఫలితాలు చెబుతామన్న రోజున అల్లుడు ఆసుపత్రి గేటు దాటి రాలేకపోయాడు. "మీరెళ్ళండత్తయ్యా, నా కాళ్ళు రావట్లేదు" అని బొద్దుదాన్ని పట్టుకుని బయటే కూర్చున్నాడు. తల్లీకూతుళ్ళు లోపలికెళ్ళారు. వరండా చివర ఇరుకు గది. బల్ల మీద కాగితం పరిచి డాక్టరమ్మ కూర్చుంది. అంతకు ముందోసారి వచ్చినప్పుడు మిషనమ్మ చెబుతుంటే ఆవిడ గీసుకున్న వంశవృక్షం కాగితమే అది. ఆడవాళ్ళకి సున్నాలు, మగవాళ్ళకి గళ్ళు. ఇరవై ఏళ్ళకే మూర్ఛ వచ్చి పోయిన తమ్ముడు, నాలుగు మెట్లెక్కితే పెదాలు నీలంగా మారి కూలబడే పిన్ని, అందరూ అందులో ఉన్నారు. నలభై మంది బంధువుల్ని పొల్లుపోకుండా అప్పజెప్పింది. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదమ్మా, అడిగితే చెప్పకపోదునా" అంది ఆ రోజు.

"మీకు, మీ అమ్మాయికి, చిన్నపాపకి, ముగ్గురికీ ఉంది" అంది డాక్టరమ్మ. "ఒకే జన్యువులో, ఒకే చోట, ఒకే అక్షరం తప్పు. వెళ్ళిపోయిన పాపదీ అదే."

"అంటే?"

"రక్తాన్ని తెచ్చే నాళానికీ, తీసుకెళ్ళే నాళానికీ మధ్యన సన్నని వల ఉండాలమ్మా, ఆ జోరుకి తట్టుకోడానికి. మీవాళ్ళలో అక్కడక్కడా ఆ వల ఏర్పడలేదు."

మిషనమ్మకి వెంటనే అర్థమైంది. "పల్చటి గుడ్డ మీద అస్తరు లేకుండా కుట్టేసినట్టు. లాగితే కుట్టు దగ్గరే చిరుగుతుంది."

"సరిగ్గా అదే."

"మరి డాక్టరమ్మా, తప్పు ఒకటే అంటున్నావు. నాకు డెబ్బై. ముక్కు తప్ప ఇంకేదీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. దానికి తొమ్మిదేళ్ళు. నాకు ముక్కులో చిరిగింది దానికి తలలో ఎందుకు చిరగాలి?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అదే మాకూ తెలీదమ్మా. ఈ జన్యువు పాడైతే ఊపిరితిత్తుల్లో, మెదడులో ముడులు ఎక్కువని తెలుసు. ఇంకో జన్యువైతే కాలేయంలో ఎక్కువ. అంతవరకే. ఒకే ఇంట్లో, ఒకే తప్పుతో, ఎవరికి ఎక్కడ, ఎప్పుడు అన్నది కాగితం చూసి చెప్పలేం."

"చిన్నదానికి?" అంది కూతురు. ఆ పూట అది మాట్లాడిన మొదటి మాట.

"ఉంది. తలలో బాగా లోపల, చిన్నది. ఇప్పుడు దాన్ని ముట్టుకుంటేనే ప్రమాదం ఎక్కువ. కనిపెట్టుకుని ఉండాలి. తలనొప్పి, కళ్ళు మసకలు, ముక్కులోంచి రక్తం, ఏదొచ్చినా రాసి పెట్టండి. ఏదీ దాచొద్దు. అన్నట్టు, పెద్దపాపకి వారానికి ఎన్నిసార్లు కారేది?"



కొలతలన్నీ నోటికొచ్చిన మిషనమ్మకి ఇది రాలేదు. వసపిట్ట పోయే ముందు నెలలో కొత్త వంగపండు గుడ్డతో గలీబులు కుట్టింది. నానబెడితే బకెట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. రోజూ అంతే. కొత్త గుడ్డ కదా, రంగు దిగుతోంది అనుకుంది. రంగు నిలవడానికి గుప్పెడు ఉప్పు కూడా వేసింది.

"అది రంగు కాదు" అంది పైకే. తర్వాత అంతా చెప్పింది. "ఆ నీళ్ళు చూసి అప్పుడే పిల్లని తెచ్చుంటే బతికేదా?"

"ముక్కుని బట్టి తలలో ఏముందో తెలీదమ్మా" అని డాక్టరమ్మ ఆగింది. "కానీ ముక్కు కోసం వచ్చుంటే తలా చూసేవాళ్ళం. చూసుంటే ఏమయ్యేదో చెప్పలేను."

బస్సులో కూతురు కిటికీలోంచి చూస్తూనే అంది: "ఏం కుట్టిపెట్టావమ్మా మాకు. బంగారంలా కుట్టావు. ఒక్క మరక కనపడలేదు."

 

మర్నాడు గలీబులన్నీ మూటగట్టి బయట పడేసింది. అస్తర్లకి తెచ్చి మిగిలిన తెల్ల గుడ్డ తీసి నాలుగు కుట్టింది. సూదిలో దారం ఎక్కడానికి పావుగంట పట్టింది. బొద్దుది మిషను పక్కన చేరి చూసింది.

"అయ్యో, తెల్లవా! పాడైతే తిడతావుగా?"

"తిట్టను నా తల్లీ. పాడు చెయ్యి. ఎంత పాడు చేసినా నాకు చూపించు."

"అక్క దిండుకి కూడా కుడుతున్నావా?"

"అక్క దిండు లేదుగా" అంది మిషనమ్మ, తొక్కుడు ఆపకుండా.

ఆరు రోజులు దిండు తెల్లగానే ఉంది. ఏడో రోజు పొద్దున బొద్దుది లేచి, మొహం కడుక్కుని, పక్క కూడా చక్కగా సర్దేసింది. "చూడు అమ్మమ్మా, ఏం అవ్వలేదు" అంది. బుద్ధిమంతురాలు కదా, అక్క చేసినట్టు, అమ్మ చేసినట్టు, చిన్నప్పుడు మిషనమ్మ చేసినట్టే చేసింది. ముక్కు అంచున ఎండిన చార మాత్రం సరిగ్గా తుడుచుకోలేదు.

మిషనమ్మ వెళ్ళి దిండు తిప్పింది. అరచేయంత మరక. అంచుల్లో ఇంకా తడి ఆరలేదు.

"తల నొప్పిగా ఉందా?" అనడిగింది.

బొద్దుది వెంటనే "లేదు" అంది. కూతురు గుమ్మంలోకొచ్చి నిలబడింది. మిషనమ్మ దిండు ఒళ్ళో పెట్టుకుని పిల్ల మొహంలోకి చూస్తూ, ఆ లేదు అన్నది నిజమో కాదో తేల్చుకోలేక అలాగే కూర్చుండిపోయింది.