కందిరీగల మూల

వచ్చిన మర్నాడు పొద్దున్నే దాహమేసి, వంటింటి బల్ల మీదున్న గ్లాసు తీసి నోటి దగ్గర పెట్టుకున్నాను. పెదవికి తగలబోయే ముందు కళ్లు తెరిచి చూశాను కాబట్టి బతికిపోయాను. నీళ్లలో మట్టిగడ్డ ఉంది. పక్కన ఇంకో గ్లాసులోనూ మట్టే, కాకపోతే అందులో గడ్డ విడిపోయి అడుగున బురదలా పేరుకుంది.

"కదపకక్కా, కదపకు!" అంటూ మా చెల్లెలు నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చింది.

"ముందు తాగొద్దు అనాలి కదే?"

"తాగితే నీకేం కాదులే. గడ్డ చూడు! రాత్రంతా నీళ్లలో ఉన్నా చెక్కు చెదరలేదు."

అదీ మా మట్టిబుర్ర. చిన్నప్పుడు దానికి లెక్క తప్పొచ్చినప్పుడల్లా నేను పెట్టి పిలిచిన పేరది. పెద్దయ్యాక మట్టి గురించే చదివి, మట్టి మీదే పరిశోధన చేసే ఉద్యోగం తెచ్చుకుని నా నోరు మూయించింది. వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ఇంజనీరు. క్షేత్రం వెనకే రెండు గదుల క్వార్టర్సు. మా మరిది రైల్లో గార్డు, ఇంట్లో కన్నా బండిలోనే ఎక్కువుంటాడు. నేను బట్టలు కుట్టేదాన్ని. మా వీధిలో పైపులు వేస్తామని నా దుకాణం మెట్టు దాకా గొయ్యి తవ్విపెట్టారు. అది పూడ్చేదాకా ఎవరూ లోపలికి రాలేరు, సరే చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులు కాళ్లు చాపుకుని కూర్చుందామని వచ్చాను. నా ఖర్మ కాకపోతే, అది కూర్చోనిస్తేనా!

"ఈ బురదయింది దున్నిన చేనులో మట్టి," అని గ్లాసులు రెండూ కిటికీ దగ్గర పెట్టింది. "ఈ గడ్డ దున్నని చేనుది. తొమ్మిదేళ్లుగా దానికి నాగలి తగల్లేదు."

దున్నకుండా పంటేమిటే అన్నాను. అడిగినందుకు టిఫిన్ చల్లారిపోయేదాకా చెప్పింది. అక్కడ వానలు తక్కువ. వస్తే మాత్రం ఒక్కసారిగా కుమ్మరించి పోతాయి. దున్ని గుల్ల చేసిన మట్టి ఆ దెబ్బకి విడిపోయి, నీళ్లతో పాటు కొట్టుకుపోతుంది. అందుకని ఇది పంట కోశాక మోళ్లను, గడ్డిని నేల మీదే వదిలేసి, వాటి మధ్య సన్నటి గాడి కోసి, అందులో విత్తనం వేయిస్తుంది. పాత వేళ్లు కుళ్లిన చోట, వానపాములు తొలిచిన చోట నేలలో దారులు పడతాయట. వాన ఆ దారుల్లోంచి లోపలికి దిగుతుందట. పైగా విత్తే యంత్రం, కోసే యంత్రం చక్రాలు చేలో పడకుండా అటూ ఇటూ గట్ల మీదే నడిచేలా అదే తయారుచేసింది. చెబుతున్నంతసేపూ దాని కళ్లు మెరుస్తూనే ఉన్నాయి.

"మరింకేం, గెలిచావుగా!" అన్నాను.

దాని మొహం చిన్నబోయింది. "గ్లాసులో గెలిచానక్కా. చేలో ఓడిపోతున్నా."

రెండు చేలూ పక్కపక్కనే, సన్నగా పొడుగ్గా, ఒకే వాలులో ఉన్నాయి. వాలు చివర ఒక్కోదానికి ఒక్కో సిమెంటు తొట్టి. ఇంకకుండా పారిన నీరంతా అందులోకి రావాలి. మొదట్లో దున్నని చేను తొట్టిలోకి చుక్క కూడా సరిగ్గా వచ్చేది కాదట. తర్వాత ఏటేటా పెరుగుతూ, ఇప్పుడు దున్నిన చేనుతో సమానంగా వస్తోందట. శుక్రవారం పెద్దసారు వచ్చి చూస్తారు. కారణం చెప్పలేకపోతే ఆ చేను వేరే పనికి ఇచ్చేసి దున్నించేస్తారు.

"తొమ్మిదేళ్ల నేల, ట్రాక్టరుకి గంట పని," అంది. గడ్డ ఉన్న గ్లాసుని కిటికీ వైపు ఇంకాస్త జరిపింది. నాకు జాలేసింది. చిన్నప్పుడు దాని బొమ్మ పోయినప్పుడు కూడా ఇలాగే, ఏడవకుండా ఏడ్చేది.

ఆ జాలితోనే చెడ్డాను. అరగంటలో నెత్తిన గొడుగు, చేతిలో బక్కెట్టుతో చేలో నిలబడి ఉన్నాను.

దాని దగ్గర వాన యంత్రం ఒకటుంది. మంచమంత ఇనుప చట్రం, నాలుగు కాళ్లు, పైన చిన్న చిన్న చిల్లుల గొట్టాలు. మోటారు వేస్తే ఆ మంచం కింద మాత్రం నిజం వానలా కురుస్తుంది. కురిసిన నీటిలో నేల ఎంత తాగిందో, ఎంత వదిలిందో నేను బక్కెట్టుతో పట్టి చెప్పాలి. గేటు దగ్గర పెట్టాం, నీళ్లు పారాయి. మధ్యలో నేలలోకి వేరే గొట్టాలు పాతిన చోట పెట్టాం, అక్కడా పారాయి. ఆ గొట్టాల్లోకి అది రోజూ కొలిచే కడ్డీ దించి, తడి ఎంత లోతుకి దిగిందో చూస్తుంది. తొట్టి దగ్గర పెట్టినా అదే కథ. నా చీర అంచు తడిసి మోకాళ్లకి అంటుకుంది, ఒళ్లు మండిపోయింది.

"నీ చేనుకి దాహం లేదే, నాకుంది. ఇంటికి పోదాం పద."

"ఇంకొక్క చోటక్కా."

"ఎక్కడ?"

వేలితో పైమూల చూపించింది. కంచె అవతల నుంచి ముళ్లపొద ఒకటి చేలోకి వంగి ఉంది. దాని కొమ్మకి వేలాడుతోంది కందిరీగల తుట్టె, నా తలకాయంత.

"నీ దుంప తెగ! నన్ను చంపడానికి పిలిచావా?"

"మూడేళ్లుగా అటు ఎవరూ పోలేదక్కా. విత్తే రోజు, కోసే రోజు యంత్రం మాత్రం గట్టు మీంచి వెళ్తుంది. అక్కడ ఒక్కచోటే నేను కొలవలేదు."

కొలవని చోటు ఉందంటే దానికి నిద్ర పట్టదు. ఇంటికి పోయి దుప్పట్లు తెచ్చింది. కళ్లు మాత్రం కనిపించేలా నేనొకటి, అదొకటి చుట్టుకుని, చట్రాన్ని చెరో పక్కా పట్టుకుని, పిల్లుల్లా అడుగులేసుకుంటూ వెళ్లాం. దూరం నుంచి చూసినవాళ్లు ఏ దొంగలో అనుకుని ఉంటారు. చట్రం దించి, వెనక్కి వచ్చి, మోటారు వేశాం. రెండు కందిరీగలు వచ్చి చూసి, మమ్మల్ని లెక్క చేయకుండా పోయాయి.

వాన కురుస్తోంది. నేను బక్కెట్టు పట్టుకుని చూస్తున్నాను. ఎంతసేపటికీ రావడం లేదు.

"గొట్టం ఊడిపోయిందేమో చూడవే."

"ఊడలేదు, కురుస్తోందిగా!"

"మరి నీళ్లేవి?"

గడ్డి మీద పడ్డ నీరు పడ్డట్టే మాయమైపోతోంది. ఎవరో కింద కూర్చుని తాగేస్తున్నట్టే ఉంది. మా చెల్లెలు దుప్పటి జారిపోయినా చూసుకోలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ కందిరీగల సంగతి మర్చిపోయాను. ఎక్కడికి పోతున్నాయే ఇన్ని నీళ్లు, ఎక్కడ పడుతున్నాయే అని దాన్ని నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

ఆ సాయంత్రం వంటింట్లో మాకు వేరే మాట లేదు. కందిరీగలు నేలలో బొరియలు చేస్తాయా? ఈ రకం చేయవట. పొద నీడ వల్లనా? మధ్యాహ్నం నీడ ఆ మూల మీద పడదట. పొద వేళ్ల వల్లనా? అయ్యుండొచ్చు, కానీ వేళ్లు అంత దూరం వస్తాయా? ప్రతిదానికీ అది ముందు సంబరపడి, తర్వాత తనే కొట్టేసేది. ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ ఆగి, కత్తి మొన ఉల్లిపాయ మీద నిలబెట్టి, మెల్లగా లోపలికి నొక్కింది.

"గుచ్చి చూద్దామక్కా," అంది. "నేలంతా."

మర్నాడు పైన గడియారంలాంటి ముల్లున్న ఇనుప కడ్డీ తెచ్చింది. నేలలోకి నొక్కితే ఎంత గట్టిగా ఉందో ముల్లు చూపిస్తుంది. మెత్తగా దిగిన చోట వదిలేయాలి, దిగని చోట గుర్తు పెట్టాలి. గుర్తుకి నా సంచిలో ఎర్ర గుడ్డపీలికలు బోలెడున్నాయి. అది కడ్డీ గుచ్చుతూ, దిగని చోటల్లా పక్కనున్న మోడుకి పీలిక కడుతూ పోయింది. నన్ను మోటారు గది కప్పు మీదికి ఎక్కించింది, పై నుంచి ఏమైనా కనిపిస్తే చెప్పమని.

మొదట ఏమీ కనిపించలేదు. మధ్యాహ్నానికి కనిపించింది.

"ఏమే, ఇది చారలా ఉందే! గేటు దగ్గర మొదలైంది. తిన్నగా నీ గొట్టాల దగ్గరికి పోయింది. అక్కడ చుట్టూ తిరిగింది. అక్కణ్నుంచి కిందికి, తొట్టి దాకా గీత గీసినట్టుంది. అటూ ఇటూ ఒక్క పీలిక లేదు!"

అది కడ్డీ పట్టుకుని కదలకుండా నిలబడింది. తర్వాత గేటు దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగి, రోజూ పొద్దున నడిచినట్టే నడవడం మొదలుపెట్టింది. అడుగు వేసిన చోటల్లా పక్కనే ఎర్ర పీలిక. గొట్టాల దాకా పోలేదు. మధ్యలోనే ఆగి, తన కాళ్ల వంక చూసుకుంది. చీర పైకెత్తుకుని, నిప్పుల మీద నడిచినట్టు బయటికొచ్చి కంచె అవతల కూలబడింది.

నేను కప్పు దిగి పరుగెత్తాను.

"నేనేనక్కా," అంది. "ఆ దారి నేనే వేశాను. నీళ్లు నా దారి పట్టుకునే తొట్టిలోకి పోతున్నాయి."

"నీ మొహం! చీపురుపుల్లలా ఉంటావు, నువ్వు తొక్కితే నేల గట్టిపడుతుందా? ఆ పక్క చేలోనూ రోజూ నడుస్తావుగా, దానికేమైంది?"

"దాన్ని ఏటా దున్నుతారక్కా. నా అడుగులు ఏటా చెరిగిపోతాయి. ఇక్కడ చెరిపేదెవరు?" మొహం కొంగుతో కప్పుకుంది. "మేకల్ని రానివ్వలేదు. ట్రాక్టరుని రానివ్వలేదు. యంత్రం చక్రాలు కూడా పడనివ్వలేదు. నేను మాత్రం రోజూ వెళ్లాను. ఎలా ఉందో చూద్దామని."

నేను పక్కన కూర్చుని దాని జడలో ఇరుక్కున్న గడ్డిపరకలు తీస్తూ ఉండిపోయాను.

శుక్రవారం పెద్దసారు వచ్చారు. నెరిసిన మీసాలు, అలసిపోయిన మొహం, మెడలో కళ్లజోడు. మా చెల్లెలు ఏదో సర్ది చెబుతుందనుకున్నాను. అదేం లేదు, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన విని, "అలాగా, ఏదీ ఆ దారి?" అంటూ గేటు తీసి కాలెత్తారు.

"సార్, కాలు పెట్టొద్దు!" అని అది అరిచింది. ఉద్యోగం కూడా ఊడింది అనుకున్నాను. ఆయన ఎత్తిన కాలు అలాగే ఉంచి దాన్ని చూసి, మెల్లగా వెనక్కి పెట్టుకున్నారు.

గట్టు మీద నుంచే చట్రాన్ని చేను అంచులో, ఎవరూ తొక్కని చోట దించి మోటారు వేశాం. నీళ్లు మాయమవుతుంటే ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూశారు. "ఇంకాస్త వేయండి" అని రెండుసార్లు అడిగారు. చివరికి మోకాళ్లు పట్టుకుని లేచారు.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చమ్మా. కానీ ఆ దారి గాయంలా మానితేనే కదా తెలిసేది? రెండు పంటలు ఆగుతాను. లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు. నువ్వు కూడా."

"గొట్టాల కొలతలు, సార్?" అంది అది. "ఒక్క రోజు కూడా తప్పలేదు."

"ఆపెయ్యాలి. బయటి తొట్టి ఒక్కటే చూడు. అలా కాదంటే కొలతలు ఉంచుకో, చేను నాకివ్వు."

అది గొట్టాల వైపు చూసింది. "చేను ఉండనివ్వండి సార్," అంది, నాకే సరిగ్గా వినపడనంత చిన్నగా.

నేను బయల్దేరాల్సిన ముందు రోజు మధ్యాహ్నం, ఎవరూ అనుకోకుండా వాన వచ్చింది. ఆ ఏటి మొదటి వాన. ఇద్దరం ఒకే గొడుగు పట్టుకుని కంచె దాకా పరుగెత్తాం. దున్నిన చేను తొట్టిలో ఎర్రటి బురదనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. దున్నని చేను తొట్టిలోకీ నీళ్లు వస్తున్నాయి, తేటగానే కానీ ధారగా వస్తున్నాయి. దారి ఇంకా దారిలాగే ఉంది మరి, రెండు రోజుల్లో మానుతుందా? కానీ అటూ ఇటూ గడ్డి కింద ఏం జరుగుతోంది? ఆ గొట్టాల్లో కడ్డీ దించితే తెలిసిపోతుంది. నాకు ప్రాణం ఆగలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను.

"నువ్వొద్దులే, నేను వెళ్లి చూసొస్తానే. ఆయన నిన్ను వద్దన్నాడు కానీ నన్నన్నాడా? ఒట్టి కాళ్లతో, ఒక్కసారి. ఈ వానలో ఎవరు చూస్తారు?"

అది నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

"ఎవరూ చూడరక్కా. నేలకి తెలుస్తుంది."

ఎత్తిన కాలు కంచె ఇవతలే దించాను. గొడుగు మీద చినుకులు టపటపా కొడుతున్నాయి. లోపల గడ్డి తడిసి నల్లబడుతోంది.

"ఎంత లోతుకి దిగి ఉంటుందే?" అని అడిగాను.

అది నా చెయ్యి వదల్లేదు.

"తెలియదక్కా," అంది.