చప్పిడి మొక్కు

చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి నుండి అశోక్‌నగర్‌లోని ఇంటికి నడచి వస్తున్న సులోచనకు, ఆ ఉదయం వీధి మొత్తం నీటి అడుగున ఉన్నట్లు తోచింది. రిక్షా గంటలు ఎక్కడో లోతున మ్రోగి, మెల్లగా పైకి తేలి, ఆమె చెవిని చేరుతున్నాయి. పూలమ్మే ఆమె చాచిన చేయి అలలాగా సాగి వంగింది. భయం వేయలేదు, హాయిగానే ఉన్నది. చేతిలోని కొబ్బరిచిప్ప మాత్రం గడగడ వణుకుతున్నది.

రెండేళ్ళ క్రితం ఆమె మనస్సు అదుపు తప్పి, రాత్రింబవళ్ళు నిద్ర లేక పరుగెత్తింది. లిథియం మాత్రలు దానిని నిలబెట్టాయి. ఈ జూన్‌లో నారాయణగూడ బడిలో పంతులమ్మ ఉద్యోగం ఆమెకు తిరిగి దక్కనున్నది. ఆ కృతజ్ఞతతోనే ఎండాకాలమంతా ఉప్పు ముట్టనని మొక్కుకొని, చప్పిడి మెతుకులు తింటున్నది. మాత్ర మాత్రం ఒక్కపూట కూడా మానలేదు.

గడపలో తూలిన ఆమెను భర్త ఉమాకాంత్ పట్టుకున్నాడు. ఆమె మాట ముద్దగా రావడం విని అతని ముఖం పాలిపోయింది.

“మళ్ళ మొదలైందా? బడివాళ్ళకు తెలిస్తే ఇగ రానియ్యరు. ఇంకో మాత్ర ఎక్కువ ఏస్కో, తగ్గుతది.”

అతని అరచేతిలో మాత్ర పగటి చందమామలా తెల్లగా ఉన్నది. సులోచన దానిని తీసుకోలేదు.

“ఇది ఆ జబ్బు కాదండి. అప్పుడు నన్నెవరో తరిమినట్లుండె. ఇప్పుడు మునిగిపోతున్న. డాక్టర్ దగ్గరికి తీస్కపోండి.”

ఆసుపత్రిలో డాక్టర్ ఇంద్రసేన ఆమె వ్రేళ్ళు చాపించి చూచి, రక్తం తీయించాడు.

“ఏం తింటున్నవమ్మా?”

“చప్పిడి, సారూ. స్వామికి మొక్కిన.”

“మొక్కు నీది, శిక్ష కిడ్నీలకా! లిథియం ఉప్పుకు తోబుట్టువసొంటిది. ఒంట్ల ఉప్పు తక్కువైతే కిడ్నీలు ఉప్పుతోపాటు దీన్ని గూడ పట్టుకుంటయి, బయటికి పోనియ్యవు. మీదికెల్లి ఈ ఎండ, ఈ చెమట. మందే విషమైతది.” ఉమాకాంత్ వైపు తిరిగాడు. “ఇంకో మాత్ర ఏస్తే ఏమయ్యేదో ఎర్కేనా అన్నా?”

ఉమాకాంత్ ఆ మాత్రను జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు.

నర్సు మంచం ప్రక్కన స్టాండుకు సీసా తగిలించింది.

“అందుల ఏముంది?” అని సులోచన అడిగింది.

“ఉప్పునీళ్ళే.”

ఆమె చేయి వెనుకకు లాగుకొన్నది. “మొక్కు తప్పితే పాత జబ్బు తిరిగొస్తదేమో సారూ.”

“ఆ పాపం నా మీద ఏస్కుంట. మీ స్వామితోని నేను మాట్లాడ్త, సరేనా?”

సులోచన కన్నులు అరమోడ్చింది. గది మెల్లగా ఊగుతున్నది. ఆ ఊపు ఇప్పటికీ తియ్యగానే ఉన్నది.

“వద్దు, స్వామికి నేనే చెప్పుకుంట,” అని చేయి చాచింది. “గుచ్చండి.”