ఆరని గోడ

గోడకు నాలుక కొన ఆనించి, యాకమ్మ పక్కకు ఉమ్మింది.

“ఉప్పగున్నది చంద్రక్కా. పాత చౌడే,” అంది ఇంటామెతో. “మీ సూరు నీళ్లు గోడ మొదట్లనే పడుతున్నయి. ముందుగాల మోరి తవ్వి నీళ్లను దూరం పంపాలె. అటెన్క మూరెడెత్తు గోడ చెక్కి, ఆ ఉప్పు మన్ను తీసి పారేసి, కరక్కాయ నీళ్లు కలిపిన సున్నం పెట్టాలె.”

“మల్ల నెమ్ము రాదు గద?”

“నీళ్లు రాకుంటె నెమ్మెక్కడిది?”

కుంచెడు జొన్నలకు ఒప్పుకున్నారు. పందొమ్మిది వందల నలభై ఎనిమిది వానకాలం అది. ఎనిమిది రోజులుగా ముసురు విడవలేదు. బచ్చన్నపేట చుట్టుపక్కల పాత మట్టి ఇళ్లన్నీ నీళ్లు తాగి ఉబ్బుతుంటే, యాకమ్మ కోసం ఊరూరి నుంచీ కబుర్లు. గోడలో చెమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్నాళ్లదో నాలుకతో చెప్పగల మనిషి ఆ తట్టున ఆమె ఒక్కతే. మొగుడు నేర్పిన విద్య. అతను దొర గడిలో వెట్టి చేస్తూ కూలిన గోడ కింద పోయాడు. ఆ గోడను మళ్లీ నిలబెట్టింది యాకమ్మే. అదీ వెట్టే.

గడ్డపార అందుకోబోతుంటే వాకిట్లో బూట్ల చప్పుడైంది.

“నెమ్ము చూసే ముసల్ది నువ్వేనా?” అన్నాడు పోలీసు. “నడువ్. గొల్ల వీరమ్మ ఇంట్ల గోడ చూడాలె.”

యాకమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని అతని వెంట నడిచింది.

ఆ గోడ ఆమె కట్టిందే. పది రోజుల కింద, వీరమ్మ మరిది మొండయ్యను తొడలో తూటాతో, దొరల మీద తిరగబడ్డ సంఘం మనుషులు మోసుకొచ్చి దింపారు. వెనక అర్రలో పాత గోడకు రెండు మూరలు ఇవతల యాకమ్మ ఇంకో గోడ లేపింది. అటక మీద ఒక పలక తీస్తే తప్ప లోపలికి దారి లేదు. కొత్తదని తెలియకుండా పాత గోడల మన్నే పిసికి వాడింది. అంతా బాగానే చేసింది కానీ, తడి ఆరకముందే సున్నం పూసింది. తడి మన్ను మీద సున్నం పడితే గోడ ఊపిరాడక లోపలే చెమరుస్తుందని పది మందికి చెప్పే మనిషి, భయంతో తానే ఆ పని చేసింది.

వీరమ్మ ఇంట్లో జమేదారు, పిలవొచ్చినవాడితో కలిపి నలుగురు పోలీసులు, గడి గుమాస్తా బుచ్చయ్య ఉన్నారు. వీరమ్మ పొయ్యి దగ్గర తల దించుకుని కూర్చుంది. వెనక అర్రలో మూడు గోడలు పొడిగా ఉన్నాయి. నాలుగోది నిలువెల్లా చెమటలు కక్కుతోంది.

“కొత్తది గిది. పడగొట్టిద్దాం సాబ్,” అన్నాడు బుచ్చయ్య.

“పొద్దుగాల నుంచి నీ మాట ఇని రెండిండ్ల గోడలు పడగొట్టించిన,” అన్నాడు జమేదారు విసుగ్గా. “ఎలుకలు దొరికినయ్. ఈసారి సబూత్ కావాలె. ఏ బుడ్డీ, నాలుక పెట్టి చెప్తవట గద. చెప్పు. పాతదా, కొత్తదా?”

యాకమ్మ గోడ ముందు కూర్చుంది. అవతల జానెడు దూరంలో మనిషి ఉన్నాడు. ఊపిరి వినిపిస్తోందో, తన గుండే కొట్టుకుంటోందో తెలియలేదు. నాలుక ఆనించింది.

పచ్చి సున్నం. తమలపాకులో వేలెడు సున్నం పెట్టి నమిలినట్టు చుర్రుమంది. ఉమ్మితే సున్నం తెల్లగా బయటపడుతుంది. మింగింది. గొంతు దాకా కాలింది.

“ఉప్పే సాబ్,” అంది. “తాతల నాటి చౌడు.”

“మరి కండ్లల్ల నీళ్లెందుకే యాకీ?” బుచ్చయ్య వంగి మొహంలోకి చూశాడు.

“మా ఆయన యాదికొచ్చిండు దొరా. గిసొంటి గోడ కిందనే పోయిండు గద.”

బుచ్చయ్య చూపు తిప్పుకున్నాడు. “అబద్ధం సాబ్.”

“అయితే నువ్వు చూడు.”

“ఉప్పరిదాని ఎంగిలి మీద నోరు పెట్టమంటవా సాబ్?”

“ఎంగిలి గాని జాగ మస్తున్నది గుమాస్తా సాబ్,” అన్నాడొక పోలీసు. మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు.

“గొల్లోల్ల గోడ నాకుడు నా పని గాదు,” బుచ్చయ్య మొహం కందిపోయింది. అంతలోనే అతనికి మరో ఆలోచన తట్టింది. గోడలు పడగొట్టడానికి పోలీసులు తెచ్చిన గడ్డపారను కాలితో యాకమ్మ ముందుకు నెట్టాడు. “చౌడే అంటవా? దానికి మందు గడిల చేసినవ్ గద. మూరెడెత్తు చెక్కాలె. చెక్కు, మా ముంగటనే.”

యాకమ్మ గడ్డపార పట్టుకుంది. జానెడు మందం గోడ. మూడో పోటుకు చీకటి కనిపిస్తుంది. వీరమ్మ తల ఎత్తకుండా పుల్లతో పొయ్యిలో బూడిద కెలుకుతోంది. ఏం చెప్పాలి? చేతగాదంటే నమ్మరు. ఒంట్లో బాగాలేదంటే ఇంకొకరి చేత చెక్కిస్తారు.

గడ్డపార కింద పెట్టింది.

“కూలెంత?”

“ఏందీ?”

“కూలెంత దొరా? చంద్రక్క కుంచెడు జొన్నలిస్తనన్నది. గోడకు మందు చేస్తె కూలియ్యాలె.” గొంతు బొంగురుపోయింది. నాలుక మొద్దుబారి మాట సరిగ్గా తిరగలేదు. అయినా చెప్పింది. “నేను వెట్టి చెయ్య.”

బుచ్చయ్యకు ఒక్క క్షణం అర్థం కాలేదు. పిలిచిన ప్రతిసారీ పరుగెత్తుకొచ్చిన మనిషి. మొగుడి శవం లేచిన మూడో నాడే మన్ను తొక్కిన మనిషి.

“ఎవలు నేర్పిన్రే నీకు గీ మాట?”

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. జవాబు చెబితే తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు. ఊళ్లో ఎంతమందిని గడికి ఈడ్చుకుపోవడం చూడలేదు?

“సంఘపోల్లు,” అంది.

చెంప పగిలినట్టయింది. రెండో దెబ్బకు నేల మీద పడింది. బుచ్చయ్య గోడ సంగతే మరిచిపోయి బూతులు అందుకున్నాడు. జమేదారు మాత్రం దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

“ఎవరొచ్చిండ్రు నీ దగ్గరికి? పేర్లు చెప్పు.”

యాకమ్మ కొంగుతో నోరు తుడుచుకుంది.

“గడికి తీసుకపోండ్రి. ఆడ చెప్తది.”

చేతులు వెనక్కి విరిచి తాడు కట్టారు. గడప దాటుతూ యాకమ్మ అంది, “వీరక్కా, అర్ర తలుపు తెరిచి పెట్టు. గోడకు గాలి తగలాలె.”

బయట ముసురు విరిగింది. ఎనిమిది రోజుల తర్వాత ఎండ పొడ బురద మీద మెరుస్తోంది. రెండు రోజులు ఇలాగే కాస్తే చాలు, గోడ ఆరుతుంది. రెండు రోజులు తాను నోరు విప్పకుండా ఉండగలదా? కాలిన నాలుకను పళ్ల మధ్య నొక్కి పట్టుకుంది.

ముందు బుచ్చయ్య కిర్రు చెప్పులు. పక్కన, వెనక బురదలో బూట్లు. జమేదారుతో కలిపి వచ్చిన బూట్లు ఐదు జతలు. తాడు మెడ తిప్పనివ్వలేదు. చప్పుడును బట్టే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఐదో జత వీరమ్మ ఇంట్లోనే ఆగిపోయిందేమోనని చెవులు రిక్కించి యాకమ్మ నడిచింది.