మూడు చోట్ల టెంటు

ఆదివారం సాయంత్రం మలంచా పేటలో అల్లుడింటి వరండాలో కూర్చున్నాం. పురూలియా దగ్గర అజోధ్యా కొండకు పోయే మాట. నాకు కుర్చీ వేశారు గాని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అల్లుడు హరనాథ్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. శని, ఆదివారాలు సెలవు. కొడుకు రాఘవ గూడ్సు బండి డ్రైవరు. వాడికి వారాలు లేవు. బండి దిగాక ఎప్పుడు రెస్టిస్తే అదే ఆదివారం. ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. మనవడు ఋత్విక్ పుట్టినరోజుకి రాఘవ డ్యూటీ బట్టలతోనే వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. "ఈ వరస ఆఫీసు వాళ్ళకి. నువ్వు వెనక్కెళ్ళు" అన్నాడు హరనాథ్. వాడు అన్నం కలపకుండానే లేచిపోయాడు.

రెండిళ్ళూ కలిసి కొన్న టెంటు అప్పుడు నా దగ్గరుండేది. దాన్ని విడదీశాను. గుడ్డ హరనాథ్ ఇంటికి పంపాను. రాడ్లు అదే ఊళ్ళో పూరీ గేట్‌లో నేనూ రాఘవా ఉండే ఇంట్లో, వాడి మంచం కింద పెట్టించాను. తాళ్ళు కట్టడానికి నేలలో దిగ్గొట్టే ఇనప గూటాలు నా ట్రంకు పెట్టెలో వేసి తాళం వేశాను. ఒకరు లేకుండా ఇంకొకరు కొండెక్కకూడదు. రెండిళ్ళ వాళ్ళూ ఒక గుడ్డ కింద పడుకోగా చూడాలి. నాకు కావలసింది అంతే.

ఈ ప్రయాణం మాట ఎత్తింది కూతురు సూర్యకుమారి. మొగుడూ తమ్ముడూ ఒక మూట చెరో పక్కా పట్టుకుంటే మాట కలుస్తుందని దాని ఆశ.

"శనివారం పొద్దున్నే బయలుదేరతాం," అన్నాడు హరనాథ్. "సాయంత్రానికి పైన డ్యామ్ దగ్గర మకాం. ఆదివారం బామ్నీ జలపాతానికి నడక. వచ్చేటప్పుడు ఛౌ నాట్యానికి తొడుక్కునే బొమ్మ ముఖాలు చేసే ఊరు చూసుకుని ఇంటికి."

"ఈపాలి నాకు రెస్టు ఆ తరవాత మంగళారం," అన్నాడు రాఘవ, గోడతో చెబుతున్నట్టు.

"మంగళవారం కొండెక్కేది మేకలు కాసుకునేవాళ్ళు."

"శనివారం ఎక్కీది ఎవులు? కుర్సీలు అరగదీసినోళ్ళా? అప్పా, మీ ఆయన కూరల సంచీ మోస్తేనే ఆయాసం గదా. జలపాతం దాకా దిగితే పైకి లాగడానికి ఎనకాల ఇంకో ఇంజనెట్టాల," అన్నాడు అక్క వైపు తిరిగి.

ఋత్విక్ నవ్వబోయి తండ్రి మొహం చూసి ఊరుకున్నాడు.

"మంగళారమే ఎల్దామండీ," అంది సూర్యకుమారి. "ఒక్కపాలికి సెలవెట్టండి."

"నీ తమ్ముడి కోసం నేను సెలవు పెట్టాలా? లాట్‌సాహెబ్ మరి!"

రాఘవ ఈసారి బావ వైపే తిరిగాడు. "నువ్వెట్టక్కర్నేదు బావా. శనివారం జొరమని నానే సిక్కు కొట్టేస్తాను. ఠీక్ హై?"

వాడి నోట 'బావా' విని ఏడాదయింది. నేను కుర్చీలో ముందుకి జరిగాను.

హరనాథ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"కొట్టు. ఆ కాగితం వచ్చేది నా టేబుల్ మీదకే. జ్వరమొచ్చిన డ్రైవరు కొండ మీద ఫొటో దిగితే, ఆ కాగితానికి ఫొటో కూడా పిన్ను కొట్టి పై ఆఫీసర్లకి పంపిస్తాను."

రాఘవ లేచాడు. "ఇన్నావా అప్పా? ఈడు నీ మొగుడు."

చెప్పుల్లో కాళ్ళు పెట్టి మెట్లు దిగిపోయాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"రాడ్లు మా ఇంట్లో ఉన్నాయి. ఉత్త గుడ్డ ఏటి సేసుకుంటావు?"

"ఏ కాలంలో ఉన్నారు మావయ్యగారూ?" అన్నాడు హరనాథ్. "అక్కడ టెంట్లు వేసి, పరుపులు పరిచి అద్దెకిస్తారు. ఫోన్లో చెప్పేశాను కూడా. మీ గుడ్డ మీకే పంపించేస్తాను."

నాకు ఆ సంగతి తెలీదు. రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో ఉన్నన్నాళ్ళూ డేరా అంటే మేము పాతుకున్నదే. ఇంకొకడు వేసిపెట్టిన డేరాలో పడుకోవడం నేనెరగను.

శనివారం పొద్దున్న వాళ్ళు మాట్లాడుకున్న అద్దె కారు మా గుమ్మం ముందు ఆగింది. సూర్యకుమారి టెంటు గుడ్డ చంకన పెట్టుకుని దిగింది.

"పడేసి త్వరగా రా," అన్నాడు హరనాథ్ లోపల్నించి.

అది వచ్చి మా గట్టు మీద కూర్చుంది. "నాను రాను. మీరెల్లండి."

"దిగింది ఇందుకా? మీ నాన్న నేర్పాడా?"

"ఒకలు నేర్పాలా? పిన్ను కొడతానన్ననాడే నేర్సుకున్నాను."

హారన్ మోగింది. మళ్ళీ మోగింది. అద్దం వెనక ఋత్విక్ తల్లినే చూస్తున్నాడు.

"రానివాళ్ళు అక్కడే ఉండనీ. చలో దాదా," అన్నాడు హరనాథ్ డ్రైవరుతో. బండి కదిలింది.

ఆ హారన్లకు రాఘవ నిద్ర లేచి వచ్చాడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడు. సంగతి విన్నాడు.

"ఎల్లిపోనాడా? కొడుకుతో ఒక్కడే? ఆడి ముకం ఎలగుందో సూడనేకపోనాను!"

అక్క ఏడుస్తోందని వాడు చూడలేదు. మంచం కింద నుంచి రాడ్లు లాక్కొచ్చాడు. "మంగళారం మనమెల్దాం అప్పా. ఫొటో తీసి ఆడికే పంపుదాం." వాకిట్లో గుడ్డ పరిచి రాడ్లు దూర్చాడు. డేరా కాస్త లేచి ఒక పక్కకి ఒరిగింది.

సూర్యకుమారి కళ్ళు తుడుచుకుంది. "గూటాలేవి నాన్నా?"

"ఉన్నాయి."

"తే మరి."

"ఇవ్వను. ఆ బండిలో పోయినోళ్ళు కూడా వచ్చి అడగాల."

"బుర్ర సెడిందేటి నీకు?" అన్నాడు రాఘవ. "మాకు గూటాలు నేకపోతే రాళ్ళు దొరకవా కొండ మీద?"

"రాళ్ళే పెట్టుకో."

కూతురు నన్నే చూస్తోంది. హరనాథ్‌ని అలా చూడడం ఎరుగుదును గాని నన్నెప్పుడూ అలా చూడలేదు.

"ఆయన పిన్ను కొడతానన్నాడు. నువ్వు గూటాలు దాసినావు. ఇద్దరూ ఒక్కలాటోళ్ళే," అని గుడ్డ చివర కాలితో తన్ని లోపలికి పోయింది.

మొలతాడు తడుముకున్నాను. ట్రంకు పెట్టె తాళంచెవి దానికే ఉంది. ముడి విప్పలేదు.