చీమలు పట్టిన చోటు

కంకిపాడులో రామతులసి పొద్దున్నే వంటింటి గట్టు తుడిచి, పంచదార డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టి, చీమల కోసం గుమ్మం దగ్గర గుప్పెడు నూక చల్లుతుంది. ఆ ఇంటి చీమలు తీపి ఎక్కడున్నా కనిపెడతాయి.

ఆమెకి రొమ్ము ఆపరేషనై రెండేళ్ళు దాటింది. ఇప్పుడు నడుం నొప్పి మొదలైతే విజయవాడలో పెట్ స్కాన్ తీయించారు. అదెలాగో చెప్పుకోవాలి. క్యాన్సర్ కణాలకి తీపంటే మహా ఆకలి. అందుకని పరగడుపున చక్కెరలాంటి మందొకటి నరంలోకి ఎక్కిస్తారు. దాన్ని ఎక్కువగా లాక్కున్న చోటు బొమ్మలో వెలుగుతుంది. జబ్బు ఎందాకా పాకిందో అలా తెలుస్తుందన్నమాట.

రిపోర్టు తేవడానికి భర్త తిరుపతిరావు, కూతురు సింధూరి వెళ్ళారు. అంతా క్లీన్, నొప్పి వయసుదేనని వచ్చి చెప్పారు. వచ్చే నెలలో సింధూరి పెళ్ళి.

మర్నాడు రామతులసి చాప మీద బోర్లా పడుకుంటే చీమలు బారుగా వచ్చి వెన్ను మీద ఒకచోట, కుడి తుంటి మీద ఒకచోట గుంపు కట్టాయి. కుట్టలేదు. పక్కింటి మాణిక్యమ్మ చూసి, రెండు చోట్లే పట్టాయేమిటే అని, పట్టుకెళ్ళిన జల్లెడ తిరిగిచ్చి వెళ్ళిపోయింది.

రామతులసి వాటిని దులపలేదు. కూతుర్ని పిలిచి చూపించింది. సింధూరి గోడవైపు తిరిగింది.

"నాన్నే చెప్పొద్దన్నారమ్మా. కీమోకి జుట్టు ఊడితే మగపెళ్ళివారికి తెలిసిపోతుంది కదా. పెళ్ళయ్యాక మొదలెడదామని..."

"నువ్వేమన్నావు?"

సింధూరి వంగి, చాప అంచున పాకుతున్న చీమని వేలితో పక్కకి నెట్టింది.

తిరుపతిరావు వచ్చి, నెల్లాళ్ళేగా అన్నాడు, పిల్ల జీవితం అన్నాడు. ఆపరేషన్ రోజున ఈ ఇద్దరి చేతులే పట్టుకుని ఆమె లోపలికి వెళ్ళింది. ఇప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

సాయంత్రం కాబోయే వియ్యపురాలు సంపూర్ణమ్మ పెళ్ళి చీరలు చూపించడానికి వచ్చింది. కాఫీ తాగి, ఒంట్లో ఎలా ఉంది వదినగారూ అని మర్యాదకి అడిగింది. బ్రహ్మాండంగా ఉందండీ అని తిరుపతిరావే జవాబిచ్చాడు.

"మళ్ళీ వచ్చింది వదినగారూ," అంది రామతులసి. "వెన్నులోకి, తుంటిలోకి పాకింది. మావాళ్ళు మీకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు."

సంపూర్ణమ్మ చేతిలో చీర ఒళ్ళోకి జారింది. సింధూరి ఏడుస్తూ గదిలోకి వెళ్ళింది. రామతులసి వెనకాల వెళ్ళలేదు.

"ముహూర్తం సంగతి మా ఆయనతో మాట్లాడుకోండి. నేను పొద్దున్నే ఆస్పత్రికి పోతున్నాను," అని, కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి నడిచింది.